హీటర్ మీద షిన్ గార్డులు

కోరీ అప్పటికే కూతురి ఎడమ షిన్ గార్డు తుడవడం ముగించి కుడిదాన్ని అందుకుంది. మోకాలి నుంచి పాదం దాకా కాలి ముందెముకని కప్పే తోలు మెత్తలు అవి. సింకు పక్కన చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, అందులో కాస్త వెనిగర్. బట్టను ముంచి, నీరంతా పోయేదాకా పిండి, తోలు మీద పైనుంచి కిందికి ఒకే వైపుగా తుడుస్తోంది. ఆ తర్వాత పట్టీలు విప్పి, వాటి అతుక్కునే కొసల్లో చిక్కుకున్న నూలుపోగుల్ని పాత టూత్‌బ్రష్‌తో దువ్వి తీస్తోంది. చంటిపిల్ల తల దువ్వినంత ఓపిగ్గా చేస్తుంది ఆవిడ ఈ పని. కిక్ బాక్సింగ్ అంటే ఆవిడకి గిట్టదు. ఇంట్లో చెమట వాసన అంతకన్నా గిట్టదు.

మరిత్ బల్ల దగ్గర కూర్చుని రొట్టె మీద వెన్న రాస్తూ అమ్మ చేతులకేసి చూస్తోంది. ఆ వారం ఆమెకు గాజు కప్పు వేసిన కూరగాయల తోటలో మధ్యాహ్నం డ్యూటీ. కాప్సికం కోసి పెట్టెలకెత్తే పని. పొద్దున్నంతా ఖాళీయే గాని, ఆ ఖాళీలో ఏం చేయాలో ఇవాళ తోచడం లేదు.

"నిన్న వచ్చి నేరుగా మేడెక్కేశావు. బఠాణీ సూపు గిన్నెలో అలాగే ఉంది," అంది కోరీ తల ఎత్తకుండా.

"ఆకలి లేదు."

"బఠాణీ సూపంటే ఆకలి లేదనడం నువ్వు పుట్టాక ఇదే మొదలు. ఏమైందే?"

"ఇక్రమ్ తొడ వాచింది."

"దాన్నెవరు కొట్టారు?"

"నేనే."

కోరీ బ్రష్ ఆపింది. "మీరక్కడ చేసేది అదేగా."

"అదే. కానీ అలా కాదు."

ఎలా కాదో మరిత్ చెప్పలేకపోయింది. రాత్రంతా తిరగేసి చూసుకున్నా జరిగింది ఆమెకే సరిగ్గా అందలేదు.

వాళ్ల జిమ్ రేవు వెనక, పాత చేపల గోదాములో ఉంది. వాన పడితే గోడల్లోంచి ఇప్పటికీ హెర్రింగ్ చేపల వాసన వస్తుంది. మంగళ, గురువారాలు స్పారింగ్. ఇద్దరిద్దరు జతగా నిలబడి ఒకరినొకరు కొట్టుకుంటూ, తన్నుకుంటూ నేర్చుకునే రోజులు. అక్కడ గెలుపు ఓటములు లేవు. పద్ధతి మాత్రం ఉంది. నువ్వెంత బలంతో ఇస్తే అంతే బలంతో నీకు తిరిగొస్తుంది. ఎవరికైనా శ్రుతి మించుతోందనిపిస్తే 'మెల్లగా' అంటారు. ఒక్కసారి అంటే చాలు. రెండోసారి అనవలసి వచ్చిందంటే, అన్నవాళ్లకి కాదు, విన్నవాళ్లకి తలవంపు.

ఇక్రమ్ రెండుసార్లు అంది.

మరిత్ రెండుసార్లూ విన్నది, రెండుసార్లూ తలూపింది. తగ్గించాననే అనుకుంది. ఆ తర్వాత తన్నింది కూడా ఎప్పుడూ తన్నేదే. కుడికాలితో ఇక్రమ్ ఎడమ తొడ మీద, మోకాలికి జానెడు పైన. ఏళ్ల తరబడి ఒకే చోట తన్నుతూ వచ్చిన తన్ను అది. ఇక్రమ్ మోకాలు తడిసిన అట్టపెట్టెలా మడత పడింది. కిందపడి, తొడ రెండు చేతులా పట్టుకుని, మరిత్ మొహంలోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

జిమ్ నడిపే హంఫ్రీని అందరూ మామ అంటారు. సురినామ్‌లో పుట్టి, ఈ రేవులో ముసలివాడవుతున్న మనిషి. ఎప్పుడూ అరవడు. ఆ రోజూ అరవలేదు. ఇక్రమ్ తొడకి ఐసు కట్టించి, మరిత్‌ని తలుపు దాకా తీసుకెళ్లి గొంతు తగ్గించి అన్నాడు: "జాండామ్ సంగతి నీ కడుపులో ఉంటే నాతో చెప్పుకో. దాని తొడ మీద తీర్చుకోకు."

"జాండామ్ సంగతేంటి మామా?"

"అది నువ్వే చెప్పాలి."

జాండామ్‌లో త్వరలో పెద్ద పోటీ ఉంది. ఇద్దరిదీ ఒకటే బరువు, హంఫ్రీ మామ పంపగలిగేది ఒక్కరినే. ఇక్రమ్ పేరిచ్చాడు. ఆ పేరు చెప్పిన రోజు ఇక్రమ్‌ని భుజాల మీదికెత్తుకుని జిమ్ చుట్టూ తిప్పింది మరిత్. అందరూ చూశారు. ఇప్పుడు ఆ అందరే, పేరు తనకి రాలేదన్న అక్కసుతో తన్నిందని అనుకుంటున్నారని మామ అనేదాకా ఆమెకు తట్టనే లేదు.

"నీకు కోపం ఉందా మరి?" అని అడిగింది కోరీ, సగం సగం చెప్పిందంతా విని.

"లేదు."

"లేదంటే లేదా, ఉందో లేదో తెలీదా?"

"అమ్మా, నీ కాఫీ చల్లారిపోతోంది."

కోరీ గార్డులు రెండూ తీసుకెళ్లి కిటికీ కింద గోడకి బిగించిన హీటర్ మీద, మేజోళ్ల పక్కన బోర్లించి, చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి పనికి వెళ్లిపోయింది.

ఇక్రమ్‌కి మరిత్ మూడు సందేశాలు పంపింది. కాలెలా ఉందని ఒకటి. సారీ అని ఒకటి. ఏం జరిగిందో నాకు తెలియడం లేదని ఒకటి. మధ్యాహ్నానికి జవాబుగా పైకెత్తిన బొటనవేలు బొమ్మ వచ్చింది. అది మూడింట్లో దేనికో అర్థం కాలేదు.

వాళ్లిద్దరూ పద్నాలుగేళ్లప్పటి నుంచి జత. మరిత్‌ని జిమ్‌లో చేర్చినప్పుడు కోరీ ఎక్కడో తగ్గింపు ధరలో షిన్ గార్డులు తెచ్చింది. పిల్ల ఎదుగుతుంది కదా అని రెండు సైజులు పెద్దవి తెచ్చింది. ఆ ఊళ్లో పిల్లలకి కోటు కొన్నా, సైకిల్ కొన్నా ఎదుగుదల చూసుకునే కొంటారు. మొదటి రోజే రెండు తన్నులకి అవి గిర్రున తిరిగి పిక్కల వెనక్కి పోయాయి. ఎదురుగా నిలబడ్డ బక్క పిల్ల నడుం మీద చేతులేసుకుని చూసింది.

"నీ పిక్కనెవరు తంతారే? ఎముక ముందు వైపుంది."

"మా అమ్మ, ఎదుగుతావంది."

"కాలి చుట్టూ ఎదుగుతావా?"

ఆ పిల్లే ఇక్రమ్. లోపల మందపాటి మేజోళ్లు తొడిగించి, పట్టీల కొసలు బయటి వైపుకి వచ్చేలా తిప్పి కట్టింది. లోపలి వైపుకి వస్తే అవి ఎదుటివాళ్ల చర్మం గీరేస్తాయని చెప్పింది. అప్పటి నుంచి మరిత్ కాళ్లకి ఏం తొడగాలో ఇక్రమే చెబుతూ వచ్చింది.

ఇప్పుడున్న జత కొన్నది కిందటేడు, రాటర్‌డామ్ దుకాణంలో. కోరీ కుట్టుపెట్టెలోంచి టేపు పట్టుకెళ్లారు. మోకాలి చిప్ప కింద నుంచి పాదం వంగే చోటు దాకా ఇక్రమ్ కొలిచింది. తొడిగించి గొంతుక్కూర్చోమంది, లేవమంది, మడమ మీద తిరగమంది. మోకాలికి గుచ్చుకుంటే పెద్దది, మీగాలు బయటపడితే చిన్నది. మరిత్‌కి అన్నింటికన్నా మందంగా ఉన్న జత నచ్చింది. దిండు కట్టుకున్నట్టుంది, అసలు దెబ్బే తెలీదు అంది.

"తెలీదు కాబట్టే వద్దంటున్నా," అంది ఇక్రమ్. "నీ ఎముకకి తెలీకపోతే ఇంకా గట్టిగా తంతావు. ఇది నీ కాలికి కాదే కొంటున్నది, నా తొడకి."

ఇంకో తోలు జత తీసి, బొటనవేలితో ఒక్కోచోటా నొక్కి చూసింది. లోపలి మెత్త కిందికి దిగి, వేలు తీయగానే పైకి లేచింది. తర్వాత అక్కడే, చేతి తొడుగుల అరల మధ్య, "ఏదీ ఒకటియ్యి" అని తొడ చూపించింది. మరిత్ తన్నింది. దుకాణం మనిషి పరిగెత్తుకొచ్చేలోపు ఇక్రమ్ తలూపేసింది. "ఇవి చాలు. వీటితో నన్ను రోజూ తన్నుకో."

గురువారం ఇక్రమ్ రాలేదు.

హంఫ్రీ మామ చప్పట్లు కొట్టి జతలు కట్టించాడు. మరిత్ ఎవరి వైపు చూస్తే వాళ్లు ఇంకెవరి వైపో చూశారు. చివరికి ఒక్కతే మిగిలింది. "నువ్వు బ్యాగు మీద చెయ్యి," అన్నాడు మామ, పక్కకి చూస్తూ. శిక్ష అనలేదు. శిక్ష కాదనీ అనలేదు.

మూలన గొలుసుకి వేలాడే బస్తాలాంటి బరువైన బ్యాగు దగ్గరికెళ్లి మామూలుగా తన్నింది. టక్కుమంది. మళ్లీ తన్నింది. మళ్లీ టక్కు. పక్క జతలో ఉన్న వెస్లీ ఆగి నవ్వాడు. లారీ తోలుతాడు, నోటికి తాళం లేదు.

"ఏం మరిత్, చెక్క చెప్పులు కట్టుకొచ్చావా కాళ్లకి?"

చుట్టుపక్కల నలుగురూ నవ్వారు. మరిత్ కూడా నవ్వింది, చెవులు కాలిపోతుండగా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మంగళవారం సంగతే ఎత్తి పొడుస్తున్నాడని అనుకుంది. అందుకని నెమ్మదిగా తన్నింది. అప్పుడూ టక్కుమంది. ఇంకా నెమ్మదిగా తన్నింది. చప్పుడు సన్నబడింది గాని గుణం మారలేదు, తలుపు మీద ఎవరో వేలి కణుపుతో కొడుతున్నట్టు.

అద్దంలో తన కాలు చూసుకుంది. మడమ తిరుగుతోంది, నడుం తిరుగుతోంది, అంతా ఎప్పటిలాగే ఉంది. లోపల మాత్రం ఏదో తేడా ఉంటే ఎలా తెలుస్తుంది? తన కాలు తన మాట వింటోందని ఇన్నాళ్లూ అనుకుంది. వినడం లేదేమో. తనకి తెలియకుండా తనలోంచే ఇంకెవరో తన్నుతున్నారేమో. ఇక్రమ్‌ని భుజాల మీద తిప్పినప్పుడు నవ్వింది నిజంగా నవ్వేనా? ఆ రోజు ఏమనిపించిందో గుర్తు తెచ్చుకోబోయింది. ఇక్రమ్ బరువు, గుండెల మీద దాని మడమలు, అవి గుర్తొచ్చాయి. ఏమనిపించిందో రాలేదు.

వెళ్లేటప్పుడు హంఫ్రీ మామ తలుపు దగ్గర ఆపాడు. "జాండామ్ దాకా ఇక్రమ్‌కి జత కావాలి. నువ్వయితే మంచిది, దాని ఆట నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కానీ అది ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నేను బలవంతం చెయ్యను. ఆ తర్వాత కూడా చెయ్యను."

ఆ తర్వాత కూడా అంటే ఏమిటో మరిత్‌కి వివరం అక్కర్లేదు. ఆ జిమ్‌లో జత విడిపోయినవాళ్లు కొన్నాళ్లు బ్యాగు మీద సాధన చేసి, ఆ తర్వాత రావడం మానేస్తారు. అలా మానేసినవాళ్లని ఆమె చూసింది. జిమ్ పోతే పోయిందిలే అనుకోవచ్చు. ఇక్రమ్ పోతే మంగళవారం, గురువారం మాత్రమే కాదు, మిగతా రోజులు కూడా ఎందుకున్నాయో తెలియదు.

శనివారం పొద్దున్న సంచీ సర్దుదామని గార్డుల కోసం చూసింది. సర్దడం అలవాటు, వెళ్లడానికి ఎక్కడికీ లేదు. హీటర్ మీది కుడి గార్డు అందుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. పొయ్యి మీది మూకుడులా ఉంది. బట్టతో పట్టుకుని బల్ల మీద పెడితే, అది బల్లకి తగిలి టక్కుమంది.

మరిత్ దాన్నే చూస్తూ నిలబడింది. మళ్లీ ఎత్తి మళ్లీ పెట్టింది. అదే చప్పుడు. మడవబోతే మడత పడలేదు, తోలు మీద సన్నటి పగుళ్లు తెల్లగా లేచాయి. బొటనవేలితో నొక్కింది. వేలు దిగలేదు.

"అమ్మా, ఇవి ఎప్పటి నుంచి ఇక్కడ ఆరేస్తున్నావు?"

కోరీ వంటగదిలోంచి తొంగి చూసింది. "చలి మొదలైనప్పటి నుంచి. హీటర్ వేసినప్పటి నుంచి. ఏం?"

"అంతకుముందు?"

"అంతకుముందు వెనక షెడ్డులో తాడు మీద వేలాడదీసేదాన్ని. ఇప్పుడక్కడ వేస్తే వారానికి గానీ ఆరవు, తడిసిన కుక్క వాసనొస్తాయి. ఏమైందే, రంగు పోయిందా?"

"నొక్కి చూడు."

కోరీ చెయ్యి తుడుచుకుని నొక్కి చూసింది. "గట్టిగానే ఉంది. గట్టిగా ఉంటే మంచిదేగా, నీ ఎముకకి."

"మెత్తగా ఉండాలమ్మా. తోలు వేడికి పెట్టకూడదు. లోపలి మెత్త కూడా చెక్కయిపోయింది. చొక్కాలు, మేజోళ్లు సరే, దీన్ని కూడా పెడతావా?"

"మీ నాన్న పని బూట్లు ఇరవయ్యేళ్లు అక్కడే ఆరాయి. ఆయన ఎవర్నీ తన్నలేదు కాబట్టి తెలీలేదు," అంది కోరీ. అనేశాక తను అన్నదేమిటో తనకే తట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఆ పిల్ల తొడ..."

"ఇదే."

"నేనా?"

"నువ్వని కాదు. ఇది."

మరిత్‌కి ఒక్కసారిగా ఒళ్లు తేలికైపోయింది. వెస్లీ చెక్క చెప్పులన్నది వెక్కిరింత కాదు, నిజంగానే ఆ చప్పుడు విన్నాడు. కాలు తన మాట వింది. తను అదే తన్ను తన్నింది, మధ్యలో మెత్త లేదు, అంతే. ఫోన్ తీసి ఇక్రమ్‌కి రాసింది: దొరికింది. ఇంటికి రా, చూపిస్తాను.

ఈసారి బొటనవేలు రాలేదు. రేపు డ్యూటీ అయ్యాక వస్తాను, అని వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఇక్రమ్ సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. ఎక్కి తొక్కడం లేదని మరిత్ కిటికీలోంచే చూసింది. ఇంకా ట్రామ్ డ్రైవర్ యూనిఫాంలోనే ఉంది. కుర్చీలో కూర్చునేటప్పుడు ఎడమ కాలు ముందుకి చాపి, మెల్లగా దించుకుంది.

"ట్రామ్‌లో ఎలా కూర్చుంటున్నావు?" అంది మరిత్.

"కూర్చుంటున్నాను. ఆగినప్పుడల్లా దిగి ఒక అడుగు వేస్తున్నాను. ప్రయాణికులు నా ట్రామ్‌కి ఏదో రోగమొచ్చిందనుకుంటున్నారు."

కోరీ కాఫీ పోసి, బిస్కెట్ డబ్బా తెరిచి ముందుకి జరిపింది. ఎప్పుడూ ఒక్కొక్కటి తీసుకోగానే మూత పెట్టేసే మనిషి, ఇవాళ మూత పక్కన పెట్టేసింది. తర్వాత గార్డు తెచ్చి ఇక్రమ్ ముందు పెట్టింది, తప్పు చేసిన పిల్ల మార్కుల కాగితం పెట్టినట్టు.

"నేనే, ఇక్రమ్. చలి మొదలైనప్పటి నుంచి హీటర్ మీద పెడుతున్నాను. నాకేం తెలుసు."

ఇక్రమ్ బొటనవేలితో నొక్కింది. ఇంకోచోట నొక్కింది. గోటితో కొట్టి చప్పుడు విని, నవ్వేసింది. "ఆంటీ, ఇది గార్డు కాదు, అప్పడం. రెండు వైపులా బాగా కాల్చారు."

"నవ్వకమ్మా, నాకు ఏడుపొస్తోంది."

"పోన్లెండి. మా అమ్మ నా చేతి తొడుగులు వాషింగ్ మెషీన్లో వేసింది ఒకసారి. బాతుపిల్లల్లా ఉబ్బి బయటికొచ్చాయి." కాఫీలో పంచదార కలుపుకుంటూ ఆగింది. చెంచా గ్లాసులో అలాగే నిలబెట్టి మరిత్ వైపు తిరిగింది. "చలి మొదలైనప్పటి నుంచి అన్నారు కదా. అంటే వారాలు. రోజూ నువ్వే కట్టుకుంటున్నావు. నీ కాలికి తెలీలేదా?"

మరిత్ గార్డుని తన వైపుకి తిప్పుకుంది.

"రోజూ కొంచెం కొంచెంగా అయింది," అంది కోరీ. "కొంచెం కొంచెంగా అయ్యేది ఎవరికి తెలుస్తుంది? నా కూతురి జుట్టు ఎప్పుడు పెరిగిందో నాకు తెలీదు."

"ఆంటీ, మిమ్మల్ని కాదు." ఇక్రమ్ గొంతు పెంచలేదు. "దాన్ని అడుగుతున్నాను."

తెలీలేదు అని ఒక్క మాట అంటే చాలు. ఇక్రమ్ నమ్మడానికే వచ్చింది, నమ్ముతుంది. మంగళవారం మళ్లీ ఇద్దరూ జతగా నిలబడతారు. మరిత్‌కి అది స్పష్టంగా కనబడింది. స్పష్టంగా కనబడుతున్నది అదొక్కటే. మిగతాదంతా ఆమె లోపల పొగమంచు పట్టిన రేవులా ఉంది. పట్టీ బిగించేటప్పుడు మీగాలి దగ్గర నొప్పెట్టి, కాస్త వదులు చేసుకుంది. అది తెలిసినట్టా, తెలియనట్టా?

"బిరుసుగా ఉందని తెలుసు," అంది చివరికి. "కొత్త మేజోళ్ల వల్ల అనుకున్నాను."

"నేను మెల్లగా అన్నప్పుడు?"

"తగ్గించాను. తగ్గించాననుకున్నాను."

"రెండిట్లో ఒకటి చెప్పు."

"నాకు తెలియడం లేదే."

ఇక్రమ్ కాఫీ పక్కకి జరిపింది. తర్వాత కుడి గార్డు తీసుకుని లేచింది. "పెరట్లోకి రా."

పెరడు అంటే నాలుగు రాతి పలకలు పరిచిన చోటు, రెండు సైకిళ్లు, ఒక షెడ్డు. ఇక్రమ్ షెడ్డు తలుపుకి ఆనుకుని, ప్యాంటు మీదే గార్డు కట్టుకుంది. పట్టీల కొసలు బయటి వైపుకి తిప్పింది. మరిత్ ఎదురుగా వెళ్లి ఎడమ కాలు ముందుకి పెట్టి నిలబడింది. వంటగది గుమ్మంలో కోరీ చేతిలో బిస్కెట్ డబ్బా మూతతో నిలబడి ఉంది.

"ఆ కాలి మీద నిలబడి తంతావా? వాచిన కాలు," అంది కోరీ.

"ఒక్కటే ఆంటీ."

ఇక్రమ్ వాచిన కాలి మీద బరువు మోపేసరికి మొహం బిగిసింది. నడుం తిప్పి, గట్టిగా కాదు, నేర్చుకునేవాళ్లకి చూపించేటప్పుడు తన్నినట్టు తన్నింది. మరిత్ తొడ మీద ఎవరో రోకలితో వేసినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మోకాలు తనంతట తానే వంగబోతే షెడ్డు గోడ పట్టుకుంది.

"ఇది సగం," అంది ఇక్రమ్. "నువ్విచ్చిన దాంట్లో సగం."

"ఇంకోటి కొట్టు."

"నేను పగ తీర్చుకోడానికి రాలేదే. నీకు తెలియాలని. ఇలాంటివి తింటూ రెండుసార్లు చెప్పాను నీకు. నేను కిందపడినప్పుడు నీ మొహం చూశాను. అప్పుడు నీకేమనిపించింది?"

మరిత్ గోడ వదిలింది. తన్ను తగిలిన చోట మంట మెల్లగా లోపలికి దిగుతోంది. ఆ మంటలో, ఇన్ని రోజులుగా అందనిది ఒకటి చేప తోకలా తగిలింది. పట్టుకుంటే జారిపోయేలా ఉంది. జారిపోనిస్తేనే మంచిదేమో. కానీ ఎదురుగా ఉన్నది ఇక్రమ్.

"నీ మోకాలు మడత పడ్డప్పుడు," అంది, "ఒక్క క్షణం బాగుందనిపించింది. తన్ను బాగా పడ్డందుకా, నువ్వు పడ్డందుకా, నాకు తెలీదు. నిజంగా తెలీదు. వెంటనే భయమేసింది. ఏది ముందో కూడా తెలీదు."

కోరీ గుమ్మంలో కదిలింది. పక్కింటి పెరట్లో ఎవరో చీపురుతో నీళ్లు తోస్తున్న చప్పుడు వచ్చి ఆగింది.

ఇక్రమ్ వంగి పట్టీలు ఒక్కొక్కటే విప్పింది. ఒక్క కాలి మీద ఆనలేక తడబడింది. మరిత్ చెయ్యి అందించబోయింది, అందించాలో వద్దో తేల్చుకునేలోపు ఇక్రమ్ షెడ్డు తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. విప్పిన గార్డుని చేతుల్లో తిప్పి చూసింది. పగుళ్ల మీద వేలితో రాసింది. మరిత్ మొహంలోకి చూసింది. మంగళవారం చూసిన చూపు కాదు ఇది. కానీ అంతకుముందు ఎప్పుడూ చూసే చూపు కూడా కాదు.

తర్వాత వంటగదిలోంచి లోపలికి నడిచింది. బల్ల మీద కాఫీ సగం అలాగే ఉంది. కొక్కానికున్న కోటు తీసి తొడుక్కుంది, గార్డు చంక కింద పెట్టుకుని బొత్తాలు పెట్టుకుంది. రెండో గార్డు హీటర్ మీద ఉంది, దానివైపు చూడలేదు. అది లేకుండా ఇది ఎవరికీ పనికిరాదు. హంఫ్రీ మామకి చూపించడానికా, కాలవలో పారేయడానికా, మంగళవారం తిరిగి తేవడానికా? అడుగుదామని మరిత్ నడవ దాకా వెంట వెళ్లింది.

ఇక్రమ్ తలుపు తీసింది. గార్డుని సైకిల్ ముందు బుట్టలో పెట్టి, తాళం తీసి, ఎక్కకుండా నడిపించుకుంటూ వాన జల్లులో వీధి చివరి వైపుకి వెళ్లిపోయింది.